బడిలో, ఆసుపత్రిలో రిజిస్ట్రార్: అమెరికాలో మనవాళ్లు వెతకని ఉద్యోగం

ఫ్రిస్కో, ఇర్వింగ్, ఎడిసన్, కమింగ్, ఫ్రీమాంట్. అమెరికాలో తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడిన ఊళ్లు ఇవి. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండోవాళ్లది ఎదురుచూపు. ఆ రెండోవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. బీఫార్మసీ, బీడీఎస్, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బీఈడీ లాంటివి చదివి వచ్చినవాళ్లు. హెచ్-1బి మీద ఉన్న భర్తకో భార్యకో గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదమైతే, హెచ్-4 మీద ఉన్న జీవిత భాగస్వామికి పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, ఇచ్చే నిబంధన 2015 మే నెల నుంచి అమల్లో ఉంది. ఆ కార్డు చేతికి రాగానే చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఒకటే: ఆర్నెల్లు టెస్టింగో, డేటా అనలిటిక్సో నేర్చుకుని ఐటీలో చేరిపొమ్మని. ఇష్టం ఉన్నవాళ్లకు అది మంచిదే. ఇష్టం లేనివాళ్లకు, పిల్లల బడి వేళలు చూసుకోవాల్సినవాళ్లకు, మనుషులతో మాట్లాడే పని కావాలనుకునేవాళ్లకు మరో దారి ఉందని చెప్పేవాళ్లు తక్కువ. గ్రీన్ కార్డు వచ్చి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక నలభైల్లో మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

బడుల్లో, ఆసుపత్రుల్లో ఉండే రిజిస్ట్రార్ ఉద్యోగాల సంగతి మొత్తంగా ఒకచోట చూద్దామని ఈ ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేర్లతో, తేదీలతో, సర్టిఫికెట్లతో రెండు దేశాల మధ్య మనం పడ్డ పాట్లు ఈ ఉద్యోగానికి నిజమైన అర్హత. దరఖాస్తులో దాన్ని చూపించడం రాకపోవడం వల్లే చాలామంది ఈ అవకాశాన్ని వదులుకుంటున్నారు.

ముందు వెతకడంలో ఉన్న చిక్కు. మన ఊళ్లో రిజిస్ట్రార్ అంటే యూనివర్సిటీ అధికారి, లేదంటే భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసు గుర్తొస్తాయి. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియాల్లో ఆసుపత్రి రిజిస్ట్రార్ అంటే స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టర్. అమెరికాలో రికార్డులు చూసే మనిషి. కాబట్టి ఉత్త ఆ మాట కొట్టి వెతికితే సగం ప్రకటనలు మనకు పనికిరానివి వస్తాయి, పనికొచ్చేవి సగం రావు. ఎందుకంటే ఇదే పనికి ఒక్కో జిల్లా, ఒక్కో ఆసుపత్రి ఒక్కో పేరు పెట్టుకుంటాయి. బడిలో ఎన్‌రోల్‌మెంట్ స్పెషలిస్ట్, స్టూడెంట్ రికార్డ్స్ క్లర్క్, డేటా క్లర్క్, టెక్సస్‌లో పీమ్స్ క్లర్క్. ఆసుపత్రిలో పేషెంట్ యాక్సెస్ రిప్రజెంటేటివ్, పేషెంట్ సర్వీస్ రిప్రజెంటేటివ్, అడ్మిటింగ్ క్లర్క్, ఎమర్జెన్సీలో అయితే ఈడీ రిజిస్ట్రార్. హోదా పేరు వదిలేసి ప్రకటన కింద రాసిన బాధ్యతలు చదవడం మొదటి అలవాటుగా చేసుకోవాలి. విద్యార్థుల చేరికలు, రికార్డుల బదిలీ, ఇన్సూరెన్స్ తనిఖీ, గుర్తింపు నిర్ధారణ లాంటి పనులు కనిపిస్తే, పైన ఏ పేరున్నా అది మనం వెతుకుతున్న ఉద్యోగమే.

బడి రిజిస్ట్రార్ ఏం చేస్తారో దగ్గరగా చూడాలంటే ఆగస్టులో టెక్సస్ ప్రాథమిక బడి ఆఫీసుకు వెళ్లాలి. గుంటూరు నుంచి రెండు వారాల కింద వచ్చిన కుటుంబం అనుకుందాం. తల్లి చేతిలో ఫైలు: పాస్‌పోర్టు, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పాత బడి టీసీ, టీకాల కార్డు. జనన ధ్రువపత్రం మీద 04/10/2020 అని ఉంది. మన లెక్కలో అక్టోబర్ 4. అమెరికా కంటికి అది ఏప్రిల్ 10. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండాలి. తేదీని తిరగేసి ఎక్కిస్తే, 2026లో చేరాల్సిన పిల్లాడు 2025లోనే చేరిపోతాడు. ఆ తప్పు తర్వాత ఎప్పుడో బయటపడి తరగతి మార్చాల్సి వస్తే ఆ పిల్లాడి బాధ వేరే చెప్పాలా?

ఇక టీకాల కార్డు. మన దేశంలో తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలకే వేస్తారు. అమెరికాలో మొదటి పుట్టినరోజు తర్వాత వేసినదే లెక్కలోకి వస్తుంది. 2016 ఏప్రిల్ 1 తర్వాత నోట్లో వేసిన పోలియో చుక్కలను అమెరికా లెక్కించదు, ఇంజెక్షన్ మోతాదులు చూపించాలి. చాలా బడుల్లో తుది తనిఖీ నర్సుది. అయినా ఫైలు మొదట చేరేది రిజిస్ట్రార్ బల్ల మీదకే. "అమ్మా, ఈ రెండు మోతాదులు మళ్లీ వేయించాల్సి రావచ్చు, ఈ వారమే క్లినిక్‌లో సమయం తీసుకోండి" అని మొదటి రోజే చెప్పగలిగినవాళ్లు ఉంటే ఆ పిల్లాడికి బడి వారం ముందు మొదలవుతుంది. రెండు దేశాల టీకా కార్డులూ చేత్తో పట్టుకుని చూసినవాళ్లకు ఇది పాఠం చెప్పాల్సిన పని ఉండదు.

ఈ పనికి చట్టం హద్దులు గీసింది. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం వలస హోదా కారణంగా పిల్లల్ని ప్రభుత్వ బడి నుంచి దూరం పెట్టకూడదు. అందుకే వీసా ఏమిటన్నది రిజిస్ట్రార్ అడిగే ప్రశ్నల్లో ఉండకూడదు. 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం ప్రకారం ఇల్లు లేని పిల్లలను కాగితాలు లేకున్నా వెంటనే చేర్చుకోవాలి. విద్యార్థి రికార్డుల గోప్యతకు 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. తల్లిదండ్రులు రికార్డు చూడాలని అడిగితే 45 రోజుల్లోపు చూపించాలి. విద్యార్థికి 18 ఏళ్లు నిండితే, లేదా కాలేజీలో చేరితే, ఆ హక్కు విద్యార్థికి మారుతుంది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ మూడూ చదివి వెళ్లడం కనీస మర్యాద. చదవకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ.

బడికి డబ్బు వచ్చేదీ ఈ బల్ల దగ్గరి నుంచే. టెక్సస్‌లో రాష్ట్ర నిధులు పిల్లల సగటు హాజరు లెక్కన వస్తాయి. రాష్ట్రానికి పంపే డేటా వ్యవస్థ పేరు పీమ్స్, ఏటా అక్టోబర్ చివరి శుక్రవారం నాటి లెక్క కీలకం. కాలిఫోర్నియాలో అక్టోబర్ మొదటి బుధవారం లెక్క తీస్తారు. ఆ రోజుకు పిల్లాడి పేరు రెండు బడుల్లో ఉన్నా, ఏ బడిలోనూ లేకపోయినా ప్రిన్సిపాల్ నుంచి జిల్లా ఆఫీసు దాకా అందరికీ తలనొప్పే. అందుకే మంచి రిజిస్ట్రార్‌ను ప్రిన్సిపాల్‌లు వదులుకోరు.

హైస్కూల్లో బాధ్యత ఇంకా బరువు. అక్కడ రిజిస్ట్రార్ చేతిలో ట్రాన్స్‌క్రిప్టు ఉంటుంది. తొమ్మిది, పది తరగతులు హైదరాబాద్‌లో చదివి పదకొండులో వచ్చి చేరిన అమ్మాయి మార్కుల మెమోలను కౌన్సెలర్‌తో కలిసి ఇక్కడి క్రెడిట్లుగా మార్చాలి. టెక్సస్‌లో తరగతి ర్యాంకు మీద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు ఇచ్చే చట్టం 1997 నుంచి ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం 2026 ప్రవేశాల నుంచి ఈ హద్దును మొదటి 5 శాతానికి తగ్గించింది. ఒక క్రెడిట్ తప్పుగా ఎక్కితే ర్యాంకు జారుతుంది, ర్యాంకు జారితే సీటు జారుతుంది. మన పిల్లలు ఈ ర్యాంకు కోసం ఎంత తపిస్తారో ఆ కౌంటర్ అవతల కూర్చున్న తల్లిదండ్రులకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులు వేరే ప్రపంచం. అక్కడ సాధారణంగా డిగ్రీ, పై హోదాలకు మాస్టర్స్ అడుగుతారు. ప్రకటనలు హయ్యర్‌ఎడ్‌జాబ్స్‌లో దొరుకుతాయి. ఆ వృత్తి సంఘం ఆక్రావో 1910 నుంచి ఉంది, వాళ్ల శిక్షణలు పనికొస్తాయి. బీటెక్, ఎమ్మెస్ చేసి డేటాబేసులు తెలిసినవాళ్లకు డిగ్రీ ఆడిట్ లాంటి పనుల్లో చోటు ఉంటుంది.

ఇప్పుడు ఆసుపత్రి. రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీ గది. ఆయాసంతో వచ్చిన అరవై అయిదేళ్ల పెద్దాయన, పక్కన కొడుకు. 1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ వివరాల కోసం వైద్య పరీక్షను ఆలస్యం చేయకూడదు. అందుకే రిజిస్ట్రార్ ముందు పేరు, పుట్టినతేదీ మాత్రం తీసుకుని చేతికి పట్టీ కట్టిస్తారు. డాక్టర్ చూశాక, చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకుంటూ మంచం దగ్గరికి వచ్చి మిగతా వివరాలు రాసుకుంటారు. చికిత్స అంగీకార పత్రం, 1996 నాటి హిపా చట్టం కింద గోప్యతా నోటీసు, ఇన్సూరెన్స్ కార్డు, ఆపద వేళ పిలవాల్సిన నంబరు, మెడికేర్ ఉంటే దానికంటే ముందు చెల్లించే ఇన్సూరెన్స్ ఇంకేదైనా ఉందా అన్న ప్రశ్నలు. పెద్దాయన విజిటర్ వీసా మీద వచ్చారనుకుందాం. కొడుకు ఆన్‌లైన్‌లో కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తాడు. అది ఆసుపత్రి నేరుగా బిల్లు పంపగలిగే రకమా, ముందు కట్టి తర్వాత తెచ్చుకునే రకమా అన్నది తెలుసుకోవాలి. కంగారులో ఉన్న కొడుకుతో ఈ మాట ఏ గొంతుతో చెప్పాలో తెలియడమూ ఉద్యోగంలో భాగమే.

పేరు దగ్గర ఆగుదాం. ఈ పనిలో ప్రాణం అక్కడే ఉంది. మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు ముందు, ఇంకొకరికి వెనక. ఒకరికి ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో. ఒకే పేరు గడి ఉన్నవాళ్లకు వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దాని అర్థం. డ్రైవింగ్ లైసెన్సు మీద ఒక తీరు, ఇన్సూరెన్స్ కార్డు మీద ఒక తీరు. లక్ష్మీదేవి అని ఒకే మాటగా ఒకసారి, లక్ష్మి మొదటి పేరు, దేవి మధ్య పేరుగా మరోసారి ఎక్కితే ఒకే మనిషికి రెండు వైద్య రికార్డులు పుడతాయి. పెన్సిలిన్ పడదన్న సంగతి ఒక రికార్డులో ఉంటుంది, డాక్టర్ తెరిచేది రెండోది. అందుకే మంచి రిజిస్ట్రార్ కొత్త రికార్డు సృష్టించే ముందు పుట్టినతేదీతో, ఫోన్ నంబరుతో, పేరును ముందు వెనకలు చేసి వెతుకుతారు. ఎన్ని రకాలుగా వెతకాలో మనకు పుట్టుకతో తెలుసు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ స్పష్టంగా చెప్పగలిగితే చాలు, పని తెలిసిన మేనేజర్ మీవైపు తిరిగి చూస్తారు.

హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చేసే కంపెనీల్లో ఏఆర్ కాలింగ్, మెడికల్ కోడింగ్ చేసినవాళ్లు వేలల్లో ఉన్నారు. క్లెయిమ్ తిరస్కరణకు గురైతే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి కారణం కనుక్కునేది వాళ్లే. ఆ కారణాల్లో చాలావాటి మూలం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే ఉంటుంది: సభ్యత్వ సంఖ్యలో ఒక అంకె, పుట్టినతేదీలో తేడా, ముందస్తు అనుమతి లేకపోవడం. తప్పు ఎక్కడ పుట్టి ఎక్కడ బయటపడుతుందో చూసినవాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఆసుపత్రికి అంతకన్నా ఏం కావాలి? అలాగే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఆరోగ్యమిత్రలుగా చేసినవాళ్లు. కార్డు తనిఖీ, రోగి నమోదు, చికిత్సకు ముందస్తు అనుమతి, కుటుంబానికి వివరించడం. పేషెంట్ యాక్సెస్ ప్రకటనలో రాసే బాధ్యతలు దాదాపు ఇవే.

తెలుగు రావడం అదనపు బలం, కానీ ఒక జాగ్రత్త. కౌంటర్ దగ్గర చిరునామా అడగడం వేరు, డాక్టర్ మాటను అనువదించడం వేరు. రెండోదానికి అర్హత పొందిన దుభాషి కావాలన్నది ఆసుపత్రుల నియమం. భాషా పరీక్ష రాసి ఆ అర్హత తెచ్చుకోవచ్చు. తెచ్చుకోకుండా మందుల మోతాదులు అనువదించడానికి మాత్రం పూనుకోవద్దు.

ఆరోగ్య రంగంలో నేను అన్నిటికంటే గట్టిగా సిఫార్సు చేసేది మరో రకం, కేన్సర్ రిజిస్ట్రార్. దీని గురించి మనవాళ్లలో తెలిసినవాళ్లు చాలా తక్కువ. అమెరికాలో కేన్సర్ నిర్ధారణ అయిన దాదాపు ప్రతి వ్యక్తి వివరాలూ రిజిస్ట్రీలో చేరాలి. జాతీయ స్థాయిలో సీర్ కార్యక్రమం 1973లో మొదలైంది. 1992లో వచ్చిన చట్టంతో సీడీసీ కింద రాష్ట్రాల రిజిస్ట్రీలకు ఊతం దొరికింది. మన దగ్గర ఐసీఎంఆర్ నడిపే జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం కూడా ఈ తరహాదే. రిజిస్ట్రార్ పని రోగితో మాట్లాడటం కాదు, రోగి ఫైలు చదవడం. పాథాలజీ రిపోర్టు, స్కాన్లు, ఆపరేషన్ నోట్సు చదివి కణితి ఎక్కడ పుట్టింది, ఏ రకం, ఏ దశ, మొదటి విడత చికిత్స ఏమిటి అన్నవి నిర్ణీత కోడ్లలో రాయాలి. తర్వాత ఆ మనిషి ఎలా ఉన్నారన్నది ఏటా కనుక్కుంటూ ఉండాలి. ఏ చికిత్సతో ఎన్నేళ్లు బతికారన్న లెక్కలన్నీ ఇక్కడి నుంచే వెళ్తాయి.

ఈ వృత్తికి ఉన్న ధ్రువీకరణ పేరు 2023 దాకా సీటీఆర్. 2024 జనవరి నుంచి ఓడీఎస్, అంటే ఆంకాలజీ డేటా స్పెషలిస్ట్. పాత ప్రకటనల్లో, కొత్త ప్రకటనల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు. జాతీయ కేన్సర్ రిజిస్ట్రార్ల సంఘం ఎన్‌సీఆర్ఏ గుర్తించిన కోర్సు చేసి, కనీసం అసోసియేట్ డిగ్రీ స్థాయి చదువు చూపించి, 160 గంటల ప్రాక్టికల్ పూర్తి చేస్తే పరీక్ష రాయవచ్చు. శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం చదివి ఉండాలి. మన బీఫార్మసీ, బీడీఎస్, ఫిజియోథెరపీ, నర్సింగ్ వాళ్లు అవి చదివే వచ్చారు. ఇక్కడ ప్రాక్టీసు లైసెన్సు కోసం మళ్లీ ఏళ్ల తరబడి చదవలేక ఇంట్లో ఉండిపోయిన దంత వైద్యులకు ఇది చదువు వృథా పోని మార్గం. డిగ్రీని గుర్తింపు ఉన్న సంస్థతో మూల్యాంకనం చేయించుకుని, కోర్సు ఫీజు కట్టేముందే ఎన్‌సీఆర్ఏ అర్హత నియమాలతో సరిచూసుకోవాలి. కష్టమైన మెట్టు ఆ 160 గంటలు. ప్రాక్టికల్‌కు ఆసుపత్రి ఎవరు చూపిస్తారన్నది కోర్సులో చేరేముందే అడగండి. ధ్రువీకరణ వచ్చాక చాలా ఉద్యోగాలు ఇంటి నుంచి చేసేవే. ప్రమాదాల్లో గాయపడినవాళ్ల వివరాలు రాసే ట్రామా రిజిస్ట్రార్ ఉద్యోగాలూ ఇలాంటివే, కాకపోతే సంఖ్యలో తక్కువ.

ప్రకటనలు ఎక్కడ చూడాలి? పెద్ద ఉద్యోగ సైట్ల మీద మాత్రం ఆధారపడితే ఆలస్యమవుతుంది. బడి ఉద్యోగాలకు జిల్లా సొంత వెబ్‌సైటే అసలు చోటు, కాలిఫోర్నియాలో అయితే ఎడ్‌జాయిన్. ఇంటికి అరగంట దూరంలో ఉన్న జిల్లాలన్నిటిలో ఖాతా తెరిచి, క్లరికల్ విభాగానికి సందేశాలు వచ్చేలా పెట్టుకోవాలి. బడుల్లో ఖాళీలు వసంతం చివర నుంచి జూలై దాకా ఎక్కువ. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చేవి కొన్ని రోజులే తెరిచి ఉంటాయి. కాలిఫోర్నియాలో మెరిట్ విధానం ఉన్న జిల్లాల్లో రాతపరీక్ష పెట్టి ర్యాంకు జాబితా వేస్తారు, మొదటి మూడు ర్యాంకుల్లోవాళ్లను ఇంటర్వ్యూకు పిలుస్తారు. గ్రూప్-4 పరీక్షలకు తయారైనవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

నేరుగా రిజిస్ట్రార్‌గా తీసుకోవడం తక్కువ. హాజరు చూసే క్లర్కు, ఫ్రంట్ ఆఫీసు, సబ్‌స్టిట్యూట్ క్లర్కు మెట్ల మీదుగా వెళ్లినవాళ్లే ఎక్కువ. సబ్‌స్టిట్యూట్ పనిని చిన్నచూపు చూడొద్దు. పది బడుల ఆఫీసు మేనేజర్లకు మీ పని కంటితో చూసే అవకాశం దొరుకుతుంది. ఆసుపత్రిలో ఆ మెట్టు రాత్రి షిఫ్టు, వారాంతం, లేదా అవసరాన్నిబట్టి పిలిచే పీఆర్ఎన్ ఉద్యోగం. ఇంట్లో వేళలు కుదిరితే మొదటి ఆరేడు నెలలకు దాన్ని ఒప్పుకోవడం మేలు. ఆరోగ్య రంగ ఆర్థిక నిర్వహణ సంఘం హెచ్‌ఎఫ్‌ఎంఏ ఇచ్చే సీఆర్‌సీఆర్ లాంటి చిన్న ధ్రువీకరణ ఇంట్లోనే చదువుకుని తెచ్చుకోవచ్చు. పేషెంట్ యాక్సెస్ వృత్తి సంఘం నాహామ్ ఇచ్చే సీహెచ్‌ఏఏ ధ్రువీకరణ ఉద్యోగంలో చేరాక సంపాదించుకునేది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఎపిక్ ధ్రువీకరణ ఇప్పిస్తామని బయట ఎవరైనా డబ్బు అడిగితే దూరంగా ఉండండి. అసలైన ఎపిక్ ధ్రువీకరణకు పనిచేసే సంస్థే పంపాలి. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ రిజిస్ట్రార్ పని, ముందు చెక్కు పంపుతాం, దాంతో పరికరాలు కొనండి అని వచ్చేవి మోసాలే. ఉద్యోగం ఇచ్చేవాళ్లు డబ్బు కట్టమనరు.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. అందులో మన దేశపు అనుభవాన్ని ఇక్కడివాళ్లకు అర్థమయ్యేలా విప్పి రాయాలి. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో రెండేళ్లు చేశానని ఒక్క ముక్క రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఏటా ఎంతమంది విద్యార్థుల ప్రవేశ రికార్డులు చూశారు, బోర్డు పరీక్షలకు నామినల్ రోల్స్ తయారు చేశారా, టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు ఇచ్చేముందు ఏమేం సరిచూసేవారు అన్నది అంకెలతో రాయండి. నామినల్ రోల్‌లో పేరు తప్పు పడితే పిల్లవాడి జీవితాంతం మెమో మీద ఆ తప్పే ఉంటుంది. అంత జాగ్రత్తగా చేసిన పనిని ఎందుకు దాచుకోవాలి? ఉద్యోగంలో లేని ఏళ్లను దాచే ప్రయత్నం వద్దు, కుటుంబ బాధ్యతలని ఒక వరుస రాస్తే సరిపోతుంది. లేని అనుభవం కల్పించి రాయమని సలహా ఇచ్చేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఈ రంగంలో ఆ సలహా ముంచుతుంది. ఇతరుల రికార్డులు సరిగా ఉంచడానికి తీసుకునే మనిషి తన రికార్డులోనే అబద్ధం రాస్తే ఇక నమ్మేదెవరు? నేపథ్య తనిఖీలో పట్టుబడితే వలస కాగితాలకూ చేటు.

ఇంటర్వ్యూలో పరిస్థితి ఇచ్చి అడుగుతారు. విడాకులు తీసుకున్న తండ్రి వచ్చి కూతురి రికార్డు అడిగాడు, తల్లి ఇవ్వొద్దంటోంది, ఏం చేస్తారు? ఫెర్పా కింద, కోర్టు ఉత్తర్వు అడ్డం లేకపోతే, ఇద్దరికీ హక్కుంది. ఫైల్లో ఉత్తర్వు ఉందేమో చూస్తాను, గుర్తింపు కార్డు చూస్తాను, ప్రిన్సిపాల్‌కు తెలియజేస్తాను, తర్వాత ఇస్తాను అన్నది సరైన వరుస. ఆసుపత్రిలో: ఫోన్‌లో ఎవరో ఫలానావాళ్లు మీ దగ్గర ఉన్నారా అని అడిగారు. రోగి తన పేరు బయట చెప్పొద్దన్నారా అని ముందు చూడాలి. జవాబు తెలియకపోతే పై అధికారిని అడుగుతానని చెప్పడం తప్పు కాదు, ఊహించి చెప్పడం తప్పు. 2024 డిసెంబర్‌లో బడి రికార్డుల సాఫ్ట్‌వేర్ పవర్‌స్కూల్‌లోకి దొంగలు చొరబడి విద్యార్థుల వివరాలు దోచుకున్నాక పాస్‌వర్డ్‌లు, తెర లాక్ చేయడం గురించి కూడా అడుగుతున్నారు.

జీతం విషయం. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2023 మే లెక్క ప్రకారం మెడికల్ రికార్డ్స్ నిపుణుల మధ్యస్థ వార్షిక వేతనం 48,780 డాలర్లు. కేన్సర్ రిజిస్ట్రార్లు చేరే మెడికల్ రిజిస్ట్రార్ల వర్గంలో 62,990. కౌంటర్ దగ్గరి పేషెంట్ రిజిస్ట్రార్‌కు, బడి రిజిస్ట్రార్‌కు చాలాచోట్ల ఇంతకంటే తక్కువే, గంటల లెక్కన వస్తుంది. ప్రభుత్వ బడి జిల్లాలు వేతన పట్టికలను బహిరంగంగా పెడతాయి. గంట జీతం ఒక్కటే చూడకుండా ఏడాదిలో ఎన్ని పని దినాలో చూడాలి, పది నెలల ఉద్యోగమా పన్నెండు నెలలదా అని. టెక్సస్‌లో చాలా జిల్లాలు సోషల్ సెక్యూరిటీలో చేరవు. జీతంలో 8.25 శాతం టీఆర్ఎస్ అనే పింఛను నిధికి పోతుంది, అయిదేళ్లు పనిచేస్తేనే ఆ పింఛనుకు హక్కు పుడుతుంది. సోషల్ సెక్యూరిటీకి పదేళ్ల క్రెడిట్లు పోగుచేసుకుంటున్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఆరోగ్య బీమా కుటుంబానికి వర్తించడం మాత్రం గట్టి లాభం. ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం ఊగిసలాడే రోజుల్లో దాని విలువ తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఈ ఉద్యోగాలకు ముప్పు లేదని చెప్పను. పిల్లల సంఖ్య తగ్గుతున్న జిల్లాలున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న ప్లేనో జిల్లా 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. ఆసుపత్రుల్లో ఫోన్‌లోనే ముందస్తు చెక్-ఇన్ పెరుగుతోంది, మామూలు అపాయింట్‌మెంట్ల కౌంటర్లు తగ్గుతాయి. ఎమర్జెన్సీలో, ఇన్సూరెన్స్ చిక్కుల్లో, కాగితాలు పొసగని కేసుల్లో మనిషి అవసరం తగ్గదని నా నమ్మకం. అందుకే ఆసుపత్రిలో చేరేవాళ్లు ఇన్సూరెన్స్ నియమాలు నేర్చుకోవడానికి మొదటి ఏడాదే కష్టపడాలి. అనుకోని వైద్య బిల్లుల నుంచి కాపాడే, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం లాంటివి రోగికి వివరించగలిగినవాళ్లకే తర్వాతి మెట్టు దొరుకుతుంది.

హెచ్-4 వాళ్లు ఒక సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. ఈ ఉద్యోగాల్లో చాలావాటికి హైస్కూల్ డిప్లొమా చాలు కాబట్టి వీటి మీద హెచ్-1బి స్పాన్సర్‌షిప్ ఆశించలేం. ఈఏడీయే ఆధారం. ఆ నిబంధన మీద వేసిన సవాలును 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు, అది ఊరట. అదే నెల 30 నుంచి పెట్టే రెన్యూవల్ దరఖాస్తులకు పాత కార్డు గడువు దానంతట అదే పొడిగించే సౌకర్యం తీసేశారు, అది దెబ్బ. కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే ఆ రోజే పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందు దరఖాస్తు పెట్టవచ్చు, ఆ మొదటి రోజే పెట్టండి. చేరేటప్పుడే మేనేజర్‌కు కార్డు గడువు తేదీ చెప్పి ఉంచితే, విరామం వస్తే సెలవు ఇచ్చి చోటు నిలబెట్టే వీలుందేమో వాళ్లు చూడగలుగుతారు. ఈఏడీ ఇంకా రానివాళ్లు బడి ఆఫీసులో స్వచ్ఛందంగా సాయం చేయవచ్చు, అది మామూలుగా జీతం లేని పనే అయి ఉండాలి. జీతగాళ్లు చేసే పనిని ఉచితంగా చేయడం అనుమతి లేని ఉద్యోగం కిందకి రావచ్చు.

ఆఫర్ వచ్చాక వేలిముద్రలు, నేపథ్య తనిఖీ, ఆసుపత్రిలో అయితే టీకాల రుజువులు, క్షయ పరీక్ష. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనలాంటివాళ్లకు చర్మం మీద చేసే క్షయ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. దాని బదులు రక్తపరీక్ష చేయమని అడగండి, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు. తట్టు, అమ్మవారు టీకాల కాగితాలు ఊళ్లో పోగొట్టుకున్నవాళ్లకు రక్తంలో రోగనిరోధక శక్తి చూసే పరీక్ష ఉంది. నేపథ్య తనిఖీ ఫారంలో పెళ్లికి ముందు పేరు, పదో తరగతి మెమో మీది పేరు, పాస్‌పోర్టు పేరు అన్నీ రాయండి. చేరే తేదీ సాధారణంగా ఈ ఫలితాలన్నీ వచ్చాకే ఇస్తారు. అంతవరకు పాత ఉద్యోగం ఏదైనా ఉంటే రాజీనామా ఇవ్వొద్దు.